కోచ్ మారాలా? ఆట మారాలా?

ఉగాది పంచాంగంలో ప్రతి రాశికీ ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు రాసి ఉంటాయి. ఆటలు నేర్పే కోచ్‌కి మాత్రం పంచాంగంతో పనిలేదు. జట్టు గెలిస్తే రాజపూజ్యం, ఓడితే అవమానం! మహబూలాలో మన పిల్లల బాస్కెట్‌బాల్ జట్టు వరసగా నాలుగు మ్యాచ్‌లు ఓడినప్పటి నుంచి మన ఇళ్ళలో ఇదే చర్చ.

"కోచ్‌ని మార్చాలండీ! పొడుగ్గా ఉన్న ఐదుగురినీ చివరిదాకా ఆడిస్తే ఎందుకు గెలవరు?" అని ఒక వర్గం. "పన్నెండుమందికీ అవకాశం ఇస్తున్నారు, ఆయన్ని ఉండనివ్వండి. ఆ ఉరుకుల పరుగుల ఆట మాత్రం మార్చమనండి" అని రెండో వర్గం. కోర్టులో ఒకసారి ఆడేది ఐదుగురే. మిగిలిన ఏడుగురూ బెంచీ మీద కూర్చోవలసిందే. ఆ ఏడుగురిలో మావాడూ ఉన్నాడని ముందే ఒప్పుకుంటున్నాను. కాబట్టి నా మాటలో కాస్త స్వార్థం ఉంటే మన్నించండి.

ఈ మీమాంస మనతో మొదలైంది కాదు. మన హైదరాబాదు బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం ఫుట్‌బాల్ కోచ్ అయ్యారు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో భారత జట్టుకు బంగారు పతకం వచ్చింది. మరుసటి ఏడే హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఘోర పరాజయం! అప్పుడు మనవాళ్ళలో చాలామంది వట్టికాళ్ళతోనే ఆడారు.

ఆ ఓటమి తర్వాత ఆట మారింది. బూట్లు తప్పనిసరి అయ్యాయి. ఒక్కరే బంతిని అట్టిపెట్టుకోకుండా అందించుకుంటూ ఆడటం రహీం అలవాటు చేశారు. డ్రిబ్లింగ్ లేని పోటీలు, బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీలు పెట్టేవారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానం పొందింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మొదట 2-0తో ఓడించిన దక్షిణ కొరియానే ఫైనల్లో 2-1తో జయించింది. తలకు గాయమై, కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం ముందువరసలో ఆడిస్తే, ఆయన ఫైనల్లో గోల్ చేశాడు! మన సికింద్రాబాదు తులసీదాస్ బలరాం కూడా ఆ జట్టులోని వాడే. ఇక్కడ మారింది ఆట, మాస్టారు కాదు.

మనం ఉంటున్న కువైత్ కథ ఇంకో రకం. 1976 ఆసియా కప్ ఫైనల్లో బ్రెజిల్‌కు చెందిన జగాలో శిక్షణలోని కువైత్ జట్టు ఇరాన్ చేతిలో 1-0తో ఓడింది. తర్వాత కోచ్ మారారు. వచ్చినవారు కార్లోస్ అల్బెర్టో పరేరా. ఆయన కొత్త మనిషేమీ కాదు. 1970 ప్రపంచ కప్ గెలిచిన బ్రెజిల్ బృందంలో జగాలో కోచ్ అయితే, పరేరా వ్యాయామ శిక్షకుల్లో ఒకరు. కువైత్ 1980లో సొంత గడ్డమీద దక్షిణ కొరియాను 3-0తో ఓడించి ఆసియా కప్ గెలిచింది, 1982లో ప్రపంచ కప్‌లో ఆడింది. ఇక్కడ కోచ్ మారినా, అంతకుముందు వేసిన పునాది వృథా కాలేదు.

ఈ రెండు కథల్లోనూ ఉన్నది ఒకటే: ఏళ్ళ తరబడి ఓర్పు. మనమేమో నాలుగు మ్యాచ్‌లకే తీర్పు చెబుతున్నాం! ఆడలేక మద్దెల ఓడు అన్నట్లు ప్రతి ఓటమినీ కోచ్ నెత్తిన రుద్దకూడదు. అలాగని లోపాలు చెప్పకుండా ఊరుకోనూ కూడదు. మొదటి నిమిషం నుంచీ మనిషికి మనిషిని కాపలా పెట్టి పరుగెత్తిస్తే మన పిల్లలు ఆఖరి పది నిమిషాల్లో అలసిపోతున్నారు. అప్పుడప్పుడు ఒక్కొక్కరికి కొంత చోటు అప్పజెప్పే జోన్ పద్ధతి ఆడితే ఊపిరి తీసుకుంటారు. ఈ మాట కోచ్‌గారికి కూర్చుని చెప్పవచ్చు.

నా మనవి ఇదీ: సీజన్ ముగిసేదాకా కోచ్‌గారిని ఉంచుదాం, ఆట తీరు మార్చమందాం, పన్నెండుమందికీ అవకాశం మాత్రం మాననివ్వవద్దు. కప్పు గెలిస్తే అల్మారాలో పెట్టుకుంటాం. బెంచీ మీద కూర్చుని కూర్చుని ఆటే మానేసిన పిల్లవాణ్ణి మళ్ళీ కోర్టులోకి ఎలా తెస్తాం?

ఓటు వేసేముందు ఒక శుక్రవారం సాయంత్రం వచ్చి ప్రాక్టీసు చూడండి. స్కోరు సంగతి కాసేపు పక్కన పెట్టి, పిల్లల మొహాలు చూడండి. ఆ తర్వాత మీ ఇష్టం!