మిగపోతక జాతకం: పెంపుడు జీవి ఆకస్మిక మరణం, కారణం తెలియని శోకం

గత వైశాఖ మాసంలో ఒక ఉదయం మా ఇంటి పెంపుడు కుందేలు మరణించింది. ముందురోజు రాత్రి అది మామూలుగానే కనబడింది. తెల్లవారి మా అమ్మాయి కొత్తిమీర కాడలు పట్టుకుని వెళ్లేసరికి గూటిలో ఒక పక్కకు ఒరిగి, చల్లబడి ఉన్నది. దుఃఖంలోనూ తొందరలోనూ దానిని పెరటిలో కరివేపచెట్టు కింద పాతిపెట్టాము. పశువైద్యుని సంప్రదించినది మూడు రోజుల తరువాత. దేహాన్ని పరీక్షించనిదే కారణం చెప్పలేనని ఆయన అన్నారు. తిరిగి తవ్వి చూడవచ్చునా అని అడిగాను. ఈ ఎండలకు లోపలి అవయవాలు ఈపాటికి చెడిపోయి ఉంటాయి, ప్రయోజనం లేదన్నారు. 'ఎందుకు చనిపోయింది?' అని తొమ్మిదేళ్ల బిడ్డ అడిగిన ప్రశ్నకు, తవ్వకాలలో దొరికిన ఎముకలను చదవడమే వృత్తిగా గల నా వద్ద సమాధానం లేకపోయింది.

ఒక కుందేలు మరణాన్ని గురించి ఈ పుటలలో రాయడం సముచితమా అనే సందేహం కలగవచ్చు. అయితే పాళీ వాఙ్మయం ఇటువంటి శోకాన్ని చిన్నదిగా ఎంచలేదు.

జాతకం చెప్పేది

పాళీ జాతకాలలో 372వది మిగపోతక జాతకం. హిమాలయంలో ఉన్న ఒక తాపసుడు తల్లి లేని లేడిపిల్లను తెచ్చి పెంచుకుంటాడు. అది ఏపుగా పెరుగుతుంది. ఒకనాడు గడ్డి అతిగా మేసి, అజీర్ణం చేసి మరణిస్తుంది. సర్వసంగ పరిత్యాగి అయిన ఆ తాపసుడు కన్నబిడ్డను కోల్పోయినవానివలె ఏడుస్తాడు. శక్రుడుగా పుట్టి ఉన్న బోధిసత్త్వుడు అతని వద్దకు వస్తాడు. ఇల్లు విడిచినవానికి ఈ శోకం తగదని మొదట మందలిస్తాడు.

తాపసుడు తల వంచుకుని ఊరకుండడు. మనిషితోనైనా మృగంతోనైనా కలిసి బ్రతికితే హృదయంలో ప్రేమ పుడుతుందని, ఆపైన దుఃఖించకుండా ఉండడం తనకు శక్యం కాలేదని సమాధానమిస్తాడు. శక్రుడు ఈ మాటను ఖండించడు. ఏడుపు వల్ల పోయినవారు లేచివచ్చేటట్లయితే అందరమూ కూడి ఏడ్చేవారమే కదా అని మాత్రం అంటాడు. తాపసుని మనస్సు అప్పుడు కుదుటపడుతుంది.

మందలింపు పని చేయలేదు. ప్రేమ సహజమని తాపసుడు చెప్పుకొన్న తరువాతనే అనిత్యతను గూర్చిన మాట అతని చెవికెక్కింది. ఈ క్రమాన్ని ఉపదేశం చేసే భిక్షువులు ప్రత్యేకంగా గమనించవలసి ఉన్నది. శాస్త జేతవనంలో ఈ కథను చెప్పినది, తన వద్ద ఉన్న శ్రామణేరుని మరణానికి విలపిస్తున్న ఒక వృద్ధ భిక్షువును ఉద్దేశించి. అంటే మనిషి కోసం పడిన శోకానికి లేడిపిల్ల కోసం పడిన శోకాన్ని ఉపమానంగా నిలపడానికి సంకలనకర్తలు సంకోచించలేదు.

కారణాన్ని వెదకడం

తాపసునికి కారణమైనా తెలుసు. కుందేళ్ల విషయంలో తరచుగా అదీ తెలియదు. వేటకు గురయ్యే జీవి కనుక కుందేలు తన జబ్బును పైకి కనబడనీయదు. నలతను మనం గుర్తించేసరికి ఆలస్యమైపోతుంది. దానికి వాంతి చేసుకునే శక్తి లేదు. పేగుల కదలిక మందగిస్తే లోపల వాయువు పేరుకుని కొద్ది గంటలలోనే ప్రాణం మీదికి వస్తుంది. అందువల్ల అది ఒక పూట మేత ముట్టకపోయినా, పెంటికలు వేయకపోయినా అత్యవసర స్థితిగానే భావించాలి.

జాతకాలలోని కుందేలు మన పొలాలలో తిరిగే చెవులపిల్లి. మనం పెంచుకునేది ఐబీరియా ద్వీపకల్పపు అడవి కుందేలు సంతతి. చెమట ద్వారా ఒంటి వేడిని తగ్గించుకోలేదు, ఎక్కువగా చెవుల ద్వారానే వదులుకుంటుంది. 30 డిగ్రీలు దాటిన ఉక్కపోత దానికి అపాయకరం. 1984లో చైనాలో తొలిసారి గుర్తించిన రక్తస్రావ వ్యాధి ఒక వైరస్ వల్ల వస్తుంది. కొన్నిసార్లు ఏ లక్షణమూ చూపకుండానే చంపుతుంది. కుక్క మొరుగుడుకో, టపాకాయల మోతకో కలిగిన తీవ్రమైన బెదురు సైతం ప్రాణాంతకం కావచ్చు.

కారణం తెలుసుకోదలచినవారు దేహాన్ని గడ్డకట్టనీయకుండా చల్లగా ఉంచి, వీలైనంత త్వరగా, సాధ్యమైతే అదే రోజున పశువైద్య కళాశాలకు చేర్చాలి. ఇంట్లో మరికొన్ని కుందేళ్లు ఉంటే ఈ పరీక్ష వాటి రక్షణ కోసం కూడా అవసరం. మాకు ఈ సంగతి ఆలస్యంగా తెలిసింది.

వెదకడం ఎక్కడ ఆగాలి

తవ్వి చూద్దామన్న ఆలోచనను విడిచిపెట్టడం నాకు తేలిక కాలేదు. అయినా నా వృత్తి నేర్పినదే అక్కడ నన్ను ఆపింది. పేగుల జబ్బు, వడదెబ్బ, బెదురు, ఇవేవీ ఎముక మీద గుర్తును వదలవు. కాశ్మీరులోని నవీన శిలాయుగ స్థలమైన బుర్జహోంలో కుక్కలను మనుషులతో పాటుగానూ విడిగానూ పూడ్చిన గోతులు బయల్పడ్డాయి. మనిషి పక్కన వాటికి చోటిచ్చారని మనం చెప్పగలం. ఒక్కొక్క కుక్క ఎలా మరణించినదో గోతిని మాత్రమే చూసి చెప్పలేం. అటువంటి చోట నమోదు పుస్తకంలో 'కారణం నిర్ధారణ కాలేదు' అని రాస్తాం. ఊహతో ఆ గడిని నింపడం శాస్త్రం కాదు.

ఇంట్లో మాత్రం ఆ ఖాళీ గడిని మనం అపరాధ భావనతో నింపుతాం. ముందురోజు పెట్టిన ఆకులో మందు ఉన్నదేమో, గూటికి గాలి చాలలేదేమో, రాత్రి మరొకసారి చూసి ఉండవలసిందేమో అని వారం రోజులు నన్ను నేనే విచారించుకున్నాను. సంయుత్త నికాయంలోని సల్ల సుత్తం దీనికి రెండవ బాణం అనే ఉపమ చెబుతుంది. తగిలిన వేదన మొదటి బాణం. దాని మీద మనస్సు తానుగా వేసుకునేది రెండవది. ఆ ఆకు, ఆ గూడు, ఆ రాత్రి, మూడింటిలో దేనికీ నా వద్ద ఆధారం లేదు. ఆధారం లేని నేరారోపణను కూడా నిర్ధారణ కాని అంశంగానే ఉంచాలని నాకు నేను చెప్పుకోవలసి వచ్చింది. అయితే గూటిని మరింత నీడకు మార్చడం, మేతను రోజూ గమనించడం వంటివి ఇకముందు పాటించవలసినవి. వాటిని నేర్చుకోవడం వేరు, తనను తాను శిక్షించుకోవడం వేరు.

ఇటువంటి దుఃఖంతో విహారానికి వచ్చే గృహస్థులు తమది నవ్వులపాలయ్యే శోకమేమోనన్న జంకుతో వస్తారు. వారికి అనిత్యతను వెంటనే బోధించకుండా, ఆ జీవి పేరేమిటి, ఏమి తినేది అని మొదట అడగడం మంచిది. పిల్లలకు 'నిద్రపోయింది', 'చంద్రునిలోకి వెళ్లిపోయింది' అని చెప్పడం తగదు. శశ జాతకం ఎంత అందమైనదైనా, అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు. చనిపోయిందని, తిరిగి రాదని, ఎందుకో మనకు తెలియలేదని, అందులో నీ తప్పు లేదని చెప్పాలి. మైత్రీ భావనకు, పుణ్యానుమోదనకు ఆ జీవిని పేరు పెట్టి తలచుకోవడం పిల్లలకు ఆధారమవుతుంది. జంటలో ఒకటి మరణించినప్పుడు, అంటువ్యాధి అనుమానం లేకపోతే, రెండవ కుందేలును ఆ దేహం దగ్గర కొంతసేపు ఉండనివ్వాలి. తరువాత కొన్ని రోజులపాటు దాని మేతను జాగ్రత్తగా గమనించాలి.

మా అమ్మాయి నా బల్ల మీది నమోదు చీటీ ఒకటి తీసుకుని కుందేలు వివరాలను తానే నింపింది. పేరు, తేదీ, చోటు రాసింది. కారణం అన్న గడిలో 'తెలియలేదు' అని రాసింది. విశేషాలు అన్న గడిలో 'కొత్తిమీర ఇష్టం' అని రాసింది. ఆ చీటీలో నేను ఏమీ దిద్దలేదు.