గినీపందులకు ఇంటిలో గూడు: స్వయముగా నిర్మించుకొను విధము

సంఘ సభ్యులగు రైతు సోదరులు కొందరు ఇటీవల నన్ను ఒక క్రొత్త ప్రశ్న యడుగుచున్నారు. పట్టణమునుండి పిల్లలు ముచ్చటపడి తెచ్చుకొన్న గినీపందుల జతను ఎచ్చట నుంచవలెను? కోళ్లగూటిలో నుంచిన చాలదా? వానికేమి మేత పెట్టవలెను? ఆవు, గేదె, మేక, కోడి, వీనిని గూర్చి మనకు ఒకరు చెప్పనక్కరలేదు. తాతలనాటినుండి వచ్చిన తెలివి యున్నది. ఈ జంతువు మాత్రము మన పెరటికి క్రొత్తది. తెలియక మనము చేయు పొరపాట్లకు ఆ నోరులేని ప్రాణి బలియగుచున్నది. అట్టి పొరపాట్లు నేనును రెండు చేసితిని. వానిని దాచక చెప్పి, పిదప గూడు కట్టు విధమును వివరించెదను.

జంతువు స్వభావము

గినీపంది పంది కాదు. గినీ దేశము దీని జన్మస్థానమును గాదు. ఏదుపందిని మనము పంది యని పిలిచినట్లే దీనికిని ఆ పేరు వచ్చినది. ఏదుపందివలెనే ఇదియు ఎలుక, ఉడుత మొదలగు కొరుకు జంతువుల తెగలోనిది. దీని పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతప్రాంతము. అచ్చటి పెరూ, బొలీవియా, ఈక్వడార్ దేశముల పల్లెవాసులు దీనిని వేల సంవత్సరములుగా మాంసమునకై సాకుచున్నారు. వారు దీనిని ‘కూయ్’ అందురు. పూర్వాచారము ననుసరించి ఇది వారి వంటయింటి నేలమీదనే తిరుగుచు, గడ్డియు కూరగాయల తొక్కులును తినుచు పెరుగును. తరువాత పెరూ దేశపు వ్యవసాయ పరిశోధకులు వీనిని వంటయింటినుండి తప్పించి, గోడలు గల చిన్న తొట్లలో నుంచుడని రైతులకు బోధించిరి. ఆ తొట్టి సుమారు 1.5 మీటర్ల పొడవును, 1 మీటరు వెడల్పును, 45 సెంటీమీటర్ల ఎత్తును గలది.

ఈ కొలతలలో మనము గ్రహింపదగిన సంగతి యొకటి కలదు. ఎత్తు అంత తక్కువయైనను చాలుటకు కారణమేమన, గినీపంది పిల్లివలె ఎక్కజాలదు. కుందేలువలె దుమికి పోజాలదు. దానికి వలసినది నేల వైశాల్యమేగాని ఎత్తు గాదు. అంతస్తుమీద అంతస్తు కట్టిన గూడు చూచుటకు సొగసుగా నుండవచ్చును గాని, ఎత్తునుండి పడిన యెడల దాని కాలో నడుమో విరుగును.

పెరిగిన గినీపంది సుమారు 700 గ్రాములు మొదలు 1200 గ్రాముల వరకు తూగును. చక్కగా సాకిన 5 మొదలు 7 సంవత్సరములు బ్రదుకును. మందలో బ్రదుకు జంతువగుటచే ఒంటరిగా నుంచరాదు. మిగుల పిరికిది, నీడ కదలినను పరుగెత్తి దాగికొనును.

నా పొరపాట్లు

చిన్నతనమున నేను చదివిన మిషను పాఠశాలలో ప్రకృతిశాస్త్రపు గదియందు ఒక గినీపందుల జత యుండెడిది. అది మనసున నుండుటచేతనే మా చిన్నమ్మాయి కోరినప్పుడు రెండు ఆడపిల్లలను తెచ్చి యిచ్చితిని. గూటిని గూర్చి ఎవరి నడుగలేదు. వ్యవసాయ ప్రదర్శకునకు ఒకరు చెప్పవలెనా యను గర్వము! ఇంటనున్న పాత కోళ్లగూటిని కడిగి, వానిని అందులో విడిచితిని. దాని అడుగు తీగెవల. పెంట క్రిందికి రాలిపోవును గనుక శ్రమ తక్కువయని సంతోషించితిని. మూడు నెలలు గడచునప్పటికి రెండింటి అరికాళ్లును వాచి, పుండ్లు పడినవి. కోడికాలికి పొలుసుల తోలు కలదు. దీని అరికాలు పసిపిల్లల చేతివలె మెత్తనిది. పశువైద్యులు చూచి, “ఈ వల తీసివేయనిదే మందు పనిచేయదు” అని చెప్పిరి. వెంటనే పలక పరచితిని. పుండ్లు మెల్లగా మానినవి.

రెండవ పొరపాటు దిద్దుకొనుటకు వీలులేనిది. గూడు జింకురేకుల వసారాలో నుండెను. మే నెలలో ఒకదినము నేను పొలములవెంట తిరిగి మధ్యాహ్నము మూడు గంటలకు ఇల్లు చేరునప్పటికి ఒకటి చచ్చిపడియుండెను. రెండవది పక్కకు ఒరిగి రొప్పుచుండెను. దానిని లోపలికి తెచ్చి, తడిగుడ్డతో చెవులు, పాదములు తుడిచి బ్రదికించుకొంటిమి. ఆ సాయంకాలము మా అమ్మాయి నన్నడిగిన మాట నేటికిని మరువలేదు: “నాన్నగారూ, కోళ్లగూడు నీడలో పెట్టమని ఊళ్లో అందరికీ చెబుతారు గదా, మరి మన గూడు ఎండలో ఎందుకు పెట్టారు?” నాకు జవాబు తోచలేదు. ఆ వారములోనే క్రొత్త గూడు కట్ట మొదలిడితిని. మిగిలినదానికి తోడుగా మరియొక ఆడుదానిని తెచ్చితిమి.

గూటికి చోటు

గూడు ఇంటిలోపలనే యుండవలెను. ఈ జంతువునకు 18 మొదలు 24 సెంటీగ్రేడు డిగ్రీల వేడిమి హితము. 27 డిగ్రీలు దాటినది మొదలు జాగ్రత్త వహింపవలెను. మన జిల్లాలలో వేసవియందు 40 డిగ్రీలు దాటుట వింత గాదు గనుక, ఇంటిలో నెల్ల చల్లనైన గది నెన్నుకొనుడు. పెంకుటిల్లయినచో మధ్యగది మేలు. కిటికీ ఎండ తిన్నగా పడుచోటును, ఈదురుగాలి కొట్టుచోటును, పొయ్యి పొగ తగులుచోటును కూడదు. ధాన్యపు గాదె ప్రక్క నుంచినచో ఎలుకలును, వాని వెంట పాములును వచ్చును. కుందేళ్లతో కలిపి పెంచరాదు. కుందేలు ముక్కులో దానికి హాని చేయక యుండు సూక్ష్మజీవి గినీపందికి ఊపిరితిత్తుల జబ్బు కలిగింపగలదు. కుందేలు తన్నినను దీనికి ప్రమాదమే.

గూడు కట్టు విధము

రెండింటికి కనీసము ఏడున్నర చదరపు అడుగుల నేల వలయును. 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు గల పెట్టె కట్టిన 8 చదరపు అడుగులగును; ఇదియే నేను కట్టినది. మగవి రెండయినచో, అవి పోట్లాడు స్వభావము గలవి గనుక, 5 అడుగుల పొడవు చేయుట మంచిది.

అడుగునకు గట్టి పలక గాని, ముప్పాతిక అంగుళపు ప్లైవుడ్డు గాని వాడుడు. పక్కగోడలు 16 అంగుళముల ఎత్తుండవలెను. అందు క్రింది 6 అంగుళములు పలక, పైన అర అంగుళపు కన్నుల తీగెవల. పిల్లలు పుట్టినను ఆ కన్నులలో దూరలేవు. వలను చట్రమునకు వెలుపలినుండి కొట్టి, తెగిన కొనలు లోనికి రాకుండ మడువవలెను. రంగు వేయరాదు, ఇవి చెక్కను కొరుకుచుండును, పాత రంగులలో సీసముండవచ్చును.

మూత్రము పలకలో ఇంకిన కుళ్లును, వాసన వేయును. కావున అడుగున దళసరి రెగ్జిన్ గాని, వాడి విడిచిన ఫ్లెక్సు గుడ్డ గాని పరచి, అంచులను నాలుగు అంగుళములు గోడపైకి లేపి, ఆ అంచులమీద సన్నని చెక్కపట్టీ కొట్టుడు. అంచు పంటికి దొరకనిచో కొరుకజాలవు.

పైకప్పు తీగెవలతో చేసిన తలుపుగా నుండవలెను. దీనికి బందులును గడియయును పెట్టుడు. జంతువు పైకి పోవునని కాదు, పిల్లి లోనికి దిగునని. గూటిని ఒకటిన్నర అడుగు ఎత్తుగల బల్లపై నిలిపి, బల్ల కాళ్లక్రింద నీళ్లు పోసిన మట్టి ప్రమిద లుంచుడు. మన పెద్దలు వెన్నగిన్నెకు చీమ పట్టకుండ చేసిన ఉపాయమే ఇచ్చట పనికివచ్చును.

గూటిలోని సామగ్రి

మొదటిది పరుపు. రెండు మూడు పొరల వార్తాపత్రికలు వేసి, వానిపై రెండు అంగుళముల మందమున ఎండుగడ్డి పరచుడు. వరిపొట్టు నుసి కన్నులలోను ముక్కులోను పడును గనుక కూడదు. దేవదారు, పైన్ వంటి వాసనగల చెక్క పొట్టు ఊపిరితిత్తులకు చెరుపు. గోనెసంచి దారములు వ్రేళ్లకు చుట్టుకొనును గనుక అదియు వలదు.

రెండవది దాగు చోటు. రెండు జంతువులకు రెండు వలయును. ప్రతిదానికిని రెండు ద్వారములుండవలెను. ఒకటే ద్వారమున్నచో బలమైనది అడ్డముగా కూర్చుండి రెండవదానిని వెడలనీయదు. దీనికి డబ్బు ఖర్చు చేయనక్కరలేదు. అడుగు పగిలిన కుండను పక్కకు పరుండబెట్టి, అంచులను రాతితో నూరి నున్నగా చేసిన చక్కని గుహ యగును. వేసవిలో ఆ కుండను తడిపి పెట్టిన చల్లగాను ఉండును. పాత వెదురుబుట్టను బోర్లించి, ఐదేసి అంగుళముల ద్వారములు రెండు కోసినను చాలును.

మూడవది మేతబుట్ట. ఎండుగడ్డిని గోడకు తగిలించిన వెదురుబుట్టలో నుంచిన త్రొక్కి పాడుచేయవు. నాల్గవది నీరు. నోటితో నొక్కి త్రాగు సీసా పట్టణములో దొరకును. లేనిచో దొర్లిపోని బరువైన మట్టిమూకుడు చాలును. నీరు ప్రతిదినము మార్చవలెను. ఐదవది కొరుకుటకు మందు కొట్టని జామకొమ్మ. వీని పళ్లు జీవితాంతము పెరుగుచునే యుండును. గడ్డి నమలి, కొమ్మ కొరికి అరుగనిచో నోరు మూయలేక ఆకలితో చచ్చును. ఉడుతలకు పెట్టు తిరుగుచక్రము మాత్రము పెట్టకుడు. దీని వెన్ను దానికి తగినది గాదు.

మేత

మేతలో ఎక్కువ భాగము ఎండుగడ్డియే. ఎండిన గరిక శ్రేష్ఠము. వరిగడ్డిలో సారము తక్కువ, పరుపునకు చాలును. బూజు పట్టిన గడ్డియు, పురుగుమందు చల్లిన చేని గడ్డియు, పశువులను చంపు లేతజొన్న మొక్కలును దరికి రానీయకుడు.

ఒక ముఖ్యాంశము. మనవలెనే గినీపంది తన శరీరములో సి విటమిను తయారుచేసికొనలేదు. 1907లో నార్వే దేశమున ఆక్సెల్ హోల్స్ట్, థియోడోర్ ఫ్రోలిష్ అను శాస్త్రజ్ఞులు వీనికి ధాన్యము మాత్రమే పెట్టగా, ఓడవారిని బాధించు స్కర్వీ వ్యాధి వీనికిని వచ్చెను. ఆకుకూర పెట్టినవానికి రాలేదు. సి విటమిను జాడ తెలియుటకు ఈ చిన్న జంతువే తోడ్పడినది. కనుక గింజలతో కడుపు నింపినచో చాలునని తలపకుడు. ప్రతిదినము కొత్తిమీర, ఒక చిన్న జామముక్క, దొరకినప్పుడు పెద్దఉసిరి చీలిక పెట్టుడు. మునగాకు బలమైనదే గాని సున్నపుపాలు ఎక్కువ; నిత్యము పెట్టిన మూత్రాశయమున రాళ్లు పుట్టవచ్చును. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప, టొమాటో ఆకులు కూడవు.

ఇంటనున్న పెనిసిలిన్, అమాక్సిసిలిన్ మాత్రలను స్వబుద్ధితో ఇయ్యకుడు. అవి దీని ప్రేగులలోని మేలుచేయు జీవులను చంపి, ప్రాణమునకే ముప్పు తెచ్చును. ఒక పూట మేత ముట్టకున్నచో అదేదినమున పశువైద్యునకు చూపుడు.

శుభ్రత, వేసవి కాపుదల

ప్రతిదినము తడిసిన గడ్డిని తీసివేసి, వారమున కొకసారి పరుపంతయు మార్చి గూటిని కడిగి ఎండబెట్టుడు. తెల్లని మూత్రపు చారలు సిరకా కలిపిన నీటికి పోవును. తీసిన పెంటను ఎరువుకుప్పలో వేసిన కూరతోటకు ఉపకరించును.

వేసవిలో కిటికీకి వట్టివేళ్ల తడిక కట్టి తడుపుడు. నీరు గడ్డకట్టించిన సీసాను గుడ్డలో చుట్టి గూటి మూల నుంచిన దానిని ఆనుకొని పడుకొనును. చాగిలపడి రొప్పుట, నోట చొంగ కారుట వడదెబ్బకు గురుతులు. అప్పుడు చల్లని గదికి చేర్చి, మామూలు నీటితో చెవులు, పాదములు తడిపి వైద్యునకు చూపుడు, మంచునీట ముంచకుడు.

లాభముమాట

చివరకు ఒక హెచ్చరిక. ఆడుదియు మగదియు కలిపి యుంచిన సంతతి త్వరగా పెరుగును. చూలు సుమారు 68 దినములు. పిల్లలు బొచ్చుతో, కన్నులు తెరచియే పుట్టును. మూడువారములకే మగపిల్లలను వేరుచేయవలెను. మొదటి ఈత ఏడు నెలలు దాటి ఆలస్యమైనచో కటి ఎముకలు బిగిసి తల్లి ఈనలేక చచ్చు ప్రమాదము కలదు. “ఇంత త్వరగా పెరుగు జంతువుతో ధనము సంపాదింపరాదా?” యని కొందరడుగుచున్నారు. 2012 ప్రాంతమున ఈము పక్షుల సాకుడు కూలినప్పుడు తెలుగు జిల్లాలలోను, తమిళనాడులోను ఎన్ని కుటుంబములు అప్పులపాలైనవో మరువకుడు. కొనువాడు నిశ్చయము గానిదే పెంచుట వ్యవసాయము కాదు, జూదము. దీనికై ఎవ్వరును అప్పు చేయవలదు. ఒకే లింగమునకు చెందిన రెండింటిని పిల్లల ముచ్చటకు సాకుకొనుట చాలును.

మా గూటికి చెక్కయు వలయు తప్ప, తక్కినదంతయు ఇంట దొరకినదే. మా అమ్మాయి ఉదయమున లేచి కొత్తిమీర కోసి తెచ్చునప్పటికి రెండును కూతలిడుచు వలవద్దకు వచ్చును. జీవమును తెచ్చుటకు ముందే గూడు సిద్ధపరుపవలె నను పాఠము నేను ఆలస్యముగా నేర్చుకొంటిని. మీరు ముందుగానే నేర్చుకొందురుగాక. కొలతలు చూడగోరువారు మా యింటికి వచ్చి గూటిని స్వయముగా చూడవచ్చును.