మంచు పట్టినా చల్లబడని గది

పిల్లలూ! మంచు ఉన్నచోట చల్లగా ఉంటుందని మీకు తెలుసు. కాని ఏ.సి. గొట్టానికి మంచు పట్టి ఉన్నా, గది మాత్రం ఉడికిపోతూ ఉంటే? కిందటి మే నెలలో విజయవాడలో మా ఇంట్లో సరిగ్గా అదే జరిగింది.

మధ్యాహ్నం భోజనాలు చేసి అందరం ఏ.సి. గదిలో నడుము వాల్చాం. గంట గడిచినా చెమట ఆరలేదు. మా మనవడు రిమోటు తీసుకుని 24 డిగ్రీల నుంచి 16కు దించాడు. ఏమీ లాభం లేకపోయింది. ఇంతలో వాడి చెల్లెలు కిటికీలోంచి తొంగి చూసి, "తాతయ్యా! బయటి పెట్టె దగ్గర సన్న గొట్టానికి మంచు పట్టింది!" అని అరిచింది.

"అయితే చల్లదనమంతా బయటికి పోతున్నదన్నమాట! నేను విప్పి చూస్తాను," అంటూ మనవడు స్క్రూడ్రైవరు పట్టుకుని బయలుదేరాడు. నేను గబగబా వెళ్ళి వాడి చెయ్యి పట్టుకున్నాను. ఎందుకో చెప్పేముందు ఆ యంత్రం సంగతి కొంచెం తెలుసుకుందాం.

మట్టి కూజాలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయి? కూజా ఒంటికి ఊరిన తడి ఆవిరి అవుతూ, లోపలి నీళ్ళలోని వేడిని తనతో పట్టుకుపోతుంది. ఏ.సి.లో జరిగేదీ ఇదే. గదిలోని పెట్టెలో సన్నని రాగి గొట్టాలుంటాయి. వాటిలో ఒక ద్రవం ఆవిరై గ్యాసుగా మారుతూ గదిలోని వేడిని పీల్చుకుంటుంది. బయటి పెట్టెలో ఉన్న కంప్రెసరు ఆ గ్యాసును గట్టిగా నొక్కుతుంది. అప్పుడది వేడిని బయట వదిలిపెట్టి మళ్ళీ ద్రవమై లోపలికి వస్తుంది. అందుకే బయటి పెట్టె దగ్గర వేడిగాలి కొడుతుంది.

ఈ యంత్రం గాలిలోని తేమను కూడా తీసేస్తుంది. నిజానికి అది పుట్టిందే అందుకు! 1902లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో ఒక అచ్చాఫీసులో కాగితాలు తేమకు సాగి, రంగులు ఒకదాని మీద ఒకటి సరిగా పడేవి కావు. ఆ చిక్కు తీర్చడానికి విల్లిస్ కారియర్ అనే ఇంజనీరు దీన్ని రూపొందించాడు. అంచేత బయటి గొట్టంలోంచి నీళ్ళు కారుతుంటే భయపడకండి. అది మంచి లక్షణమే. గదిలోనే కారితే మాత్రం నీళ్ళు పోయే గొట్టం పూడుకుపోయి ఉండవచ్చు.

ఇక మా ఇంటి సంగతి. మనవడికి నేను చెప్పిన మొదటి మాట: "ముందు మన తప్పు ఉందేమో చూద్దాం." తలుపు సందులు చూశాం. రిమోటులో ఫ్యాను గుర్తు కాక చల్లదనపు గుర్తే ఉందా అని చూశాం. బయటి పెట్టెకు అట్టపెట్టెలు అడ్డం లేవు. స్విచ్చి ఆపి, వాళ్ళ నాన్న ఫిల్టరు జల్లెడ తీసి కడిగాడు. అది దుమ్ముతో మూసుకుపోతే గొట్టాలకు గాలి చాలక, వాటిమీది తేమ గడ్డకట్టి మంచవుతుంది. వేసవిలో రెండు వారాలకోసారి కడగడం మంచిది.

తరవాత గదిలో వేడి చూసే థర్మామీటరు తెచ్చాం. (జ్వరం చూసేది ఇందుకు పనికిరాదు. అది సుమారు 35 డిగ్రీల పైనే చూపుతుంది.) పావుగంట నడిచాక, ఏ.సి. లోపలికి పోయే గాలికీ, బయటికి వచ్చే గాలికీ మధ్య సాధారణంగా 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉండాలి. మాకు వచ్చింది 3 డిగ్రీలే!

ఇక మనవల్ల కాదని తేలిపోయింది. మెకానిక్కుకు కబురు చేశాం.

అంతకుముందు రెండు వేసవుల్లోనూ ఒకాయన వచ్చి, "గ్యాసు అయిపోయిందండీ," అని నింపి వెళ్ళాడు. నేను డబ్బిచ్చి ఊరుకున్నాను. ఇన్నేళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి, ఒక్క ప్రశ్న అడగలేకపోయాను. స్టవ్వులో కిరసనాయిలు ఖర్చయినట్టు ఏ.సి.లో గ్యాసు ఖర్చు కాదు. ఒంట్లో నెత్తురులాగా తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నదన్నమాటే! గ్యాసు తగ్గితే గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు గొట్టంలో కొంతభాగం మాత్రం మితిమీరి చల్లబడి మంచు కడుతుంది. గదిలోని వేడిని లాగడానికి సరిపడా గ్యాసు ఉండదు. మంచు పట్టినా గది చల్లబడకపోవడంలోని రహస్యం ఇదే.

ఈసారి వచ్చిన మెకానిక్కు అతుకులమీద సబ్బునురుగు రాశాడు. ఒకచోట బుడగలు లేచాయి. ఆ చోటు మూసి, పంపుతో గొట్టాల్లోని గాలీ తేమా లాగేసి, తూకం వేసి మరీ గ్యాసు నింపాడు. ఈ గ్యాసు కారితే లోకానికీ నష్టమే. ఇప్పుడు చాలా ఏ.సి.ల్లో వాడే ఆర్-32 గ్యాసు, బొగ్గుపులుసు వాయువు కంటే కొన్ని వందల రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. పైగా దానికి కొంత మండే గుణం కూడా ఉంది.

ఇక స్క్రూడ్రైవరు మాట. బయటి పెట్టెలో కెపాసిటరు అనే భాగం ఉంటుంది. అది విద్యుత్తును నిలవ చేస్తుంది. స్విచ్చి ఆపాక కూడా కొంతసేపు అందులో విద్యుత్తు ఉండవచ్చు. తెలియక ముట్టుకుంటే ప్రాణానికే ముప్పు. ఆ మాట వినగానే మనవడు స్క్రూడ్రైవరు తీసుకెళ్ళి పెట్టెలో పడేశాడు.

మీరూ కనిపెట్టి ఉండండి. కాలిన వాసన వచ్చినా, ఎం.సి.బి. మాటిమాటికీ పడిపోతున్నా, గరగరమని కొత్త చప్పుడు వినిపించినా మళ్ళీ మళ్ళీ వేసి చూడవద్దు. వెంటనే పెద్దవాళ్ళకు చెప్పి ఆపించండి. మంచు పడితే కత్తితో గీకవద్దు. ఆపేస్తే అదే కరుగుతుంది.

ఇప్పుడు మా మనవరాలు ఒక నోటు పుస్తకం పెట్టింది. ఫిల్టరు కడిగిన తేదీ, గాలి తేడా, వింత చప్పుళ్ళు అన్నీ రాస్తుంది. మెకానిక్కు వచ్చినప్పుడు ముందుగా అడిగేది ఆ పుస్తకమే! మీ ఇంట్లోనూ అలాంటిది ఒకటి మొదలుపెట్టండి.