ఆపరేషన్ ముందా... పాపాయి ముందా?

రొమేనియా టెన్నిస్ స్టార్ సిమోనా హాలెప్ 2009లో, 17 ఏళ్ల వయసులో రొమ్ముల సైజు తగ్గించే సర్జరీ చేయించుకుంది. ఆ బరువు తన ఆటకి అడ్డమవుతోందని ధైర్యంగా చెప్పింది. 2018లో ఫ్రెంచ్ ఓపెన్, 2019లో వింబుల్డన్ గెలిచింది.

అదే మన ఇళ్లలో అమ్మాయి ఈ బాధ గురించి నోరు విప్పితే వచ్చే జవాబు ఒకటే: 'పెళ్లయి పిల్లలు పుట్టాక చూద్దాంలే!' ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. కానీ అందరికీ ఒకే లెక్క కుదరదు.

ఎవరు ఆగితే మంచిది?

ఒకట్రెండేళ్లలో బిడ్డని కనాలనుకునేవాళ్లు. గర్భం వస్తే రొమ్ములు పెరుగుతాయి, పాలు మాన్పించాక జారతాయి. ముందే సర్జరీ చేయించుకుంటే ఆ షేప్ పాడవచ్చు. కొందరికి మళ్లీ ఆపరేషన్ అవసరం పడొచ్చు కూడా. కాన్పయ్యాక చేయించుకునేవాళ్లని, పాలు మాన్పించి సుమారు 6 నెలలు గడిచాక రమ్మంటారు డాక్టర్లు. ఈలోగా సైజు, ఒంటి బరువు ఒక కొలిక్కి వస్తాయి.

ఎవరు ఆగక్కర్లేదు?

మెడ, భుజాలు, వీపు నొప్పులు... బ్రా స్ట్రాప్ ఒత్తుకుని పడ్డ గాడులు... చెమటకి రొమ్ముల కింద మానని దద్దుర్లు... పైగా పెళ్లి ఊసే లేదు. అలాంటప్పుడు ఎప్పుడో పుట్టబోయే బిడ్డ కోసం ఏళ్ల తరబడి ఈ బాధ పడాల్సిన పనిలేదు. రొమ్ముల ఎదుగుదల ఆగిందా, బరువు నిలకడగా ఉందా అన్నది చూసుకుంటే చాలు. సర్జరీ అయ్యాక గాయాలు పూర్తిగా మానేదాకా ప్రెగ్నెన్సీ వాయిదా వేసుకోవాలి. ఎన్నాళ్లన్నది మీ సర్జన్ చెబుతారు.

మరి పాల సంగతి?

అసలు భయం ఇక్కడే. చనుమొనని కింది కణజాలం, నరాలతో కలిపే ఉంచి, చుట్టూ ఉన్న భాగాన్ని తగ్గించే పద్ధతుల్లో పాలిచ్చే అవకాశం మిగులుతుంది. కాకపోతే కొన్ని పాలనాళాలు తెగుతాయి కాబట్టి పాలు సరిపడా పడతాయన్న గ్యారంటీ ఇవ్వలేం. చనుమొనని పూర్తిగా వేరుచేసి మళ్లీ అతికించే పద్ధతిలో మాత్రం ఆ రొమ్ము నుంచి పాలిచ్చే ఆశ దాదాపు వదులుకోవాల్సిందే.

అందుకే సంతకం పెట్టేముందు సర్జన్‌ని సూటిగా అడగండి: 'నాకు ఏ పద్ధతిలో చేస్తారు? తర్వాత బిడ్డకి పాలివ్వగలనా? స్పర్శ తగ్గుతుందా?' రేపు కాన్పు టైమ్‌లో గైనకాలజిస్టుకి, పిల్లల డాక్టర్‌కి ఈ సర్జరీ సంగతి తప్పక చెప్పండి. బిడ్డ బరువు పెరుగుతోందో లేదో వాళ్లు గమనిస్తారు. పాలు చాలకపోతే ఉన్నవి పట్టిస్తూనే డాక్టర్ సలహాతో డబ్బాపాలు తోడు చేసుకోవచ్చు. అంతమాత్రాన మీరు అమ్మగా తక్కువేం కారు.

పిల్లలు ఎప్పుడన్నది మీ ప్లాన్. నొప్పి ఎంతన్నది మీకే తెలుసు. ఈ రెండూ డాక్టర్ ముందు పెట్టి మాట్లాడితే 'ఎప్పుడు' అన్నదానికి జవాబు అక్కడే దొరుకుతుంది.