సెంట్లపై నిషేధం: ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ దండగ

కెనడా తూర్పు తీరంలోని హాలిఫాక్స్ నగరంలో ఆసుపత్రులు, బడులు, గ్రంథాలయాలు ‘సెంటు పూసుకుని రావద్దు’ అని సందర్శకులను కోరడం 1990ల్లోనే మొదలైంది. అది చట్టం కాదు, సంస్థలు తమకు తామే పెట్టుకున్న నియమం. 2009లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ మరో అడుగు ముందుకేసి తన భవనాల్లో అగరొత్తులు, సువాసన కొవ్వొత్తులు, గోడకు తగిలించే ఫ్రెషనర్లు, చివరికి మూత్రశాలల్లో వేసే బిళ్ళలు కూడా వద్దంది. ఉద్యోగులు ఒంటికి రాసుకునే వాటి విషయంలో మాత్రం, మానుకుంటే మంచిదని చెప్పి ఊరుకుంది. మరుసటి ఏడాది డెట్రాయిట్ నగరపాలక సంస్థ, తోటి ఉద్యోగి వాడే సెంటు వల్ల ఊపిరాడటం లేదని దావా వేసిన ఉద్యోగినికి లక్ష డాలర్లు చెల్లించి రాజీ పడింది. ఆహారం విషయంలోనూ ఇదే ధోరణి వచ్చింది. అమెరికా, కెనడాల్లో చాలా బడులు వేరుశనగను గేటు బయటే ఆపేశాయి. సౌత్‌వెస్ట్ విమాన సంస్థ 2018 ఆగస్టులో పల్లీల పొట్లాలు పంచడం మానేసింది.

వీటన్నిటినీ ఒకే గాటన కట్టి మాట్లాడటం అలవాటైపోయింది. కానీ వీటి వెనుక శరీరంలో జరిగేది ఒకటి కాదు, మూడు.

మొదటిది అసలైన అలర్జీ. ఇందులో శరీరం ఏదో ఒక ప్రోటీన్‌ను శత్రువుగా గుర్తుపెట్టుకుని, ఐజీఈ అనే యాంటీబాడీని తయారు చేసుకుంటుంది. ఆ యాంటీబాడీలు మాస్ట్ కణాల మీద కాపలా కాస్తుంటాయి. అదే ప్రోటీన్ మళ్ళీ లోపలికి వస్తే ఆ కణాలు హిస్టమిన్‌ను కుమ్మరిస్తాయి. దద్దుర్లు లేస్తాయి, పెదాలు వాస్తాయి, ఆయాసం వస్తుంది. ముదిరితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. పల్లీ, రొయ్య, పాలు, పుప్పొడి, పిల్లి చర్మపు పొట్టు ఈ కోవలోవి.

సెంటు సంగతి వేరు. గాల్లోకి తేలికగా లేవాలంటే అణువు చిన్నది కాక తప్పదు. అంత చిన్న అణువు తనంతట తానుగా ఐజీఈని రెచ్చగొట్టడం అరుదు. అయితే చర్మానికి రాసుకున్నప్పుడు కొందరిలో అది చర్మపు ప్రోటీన్లకు అతుక్కుని టి-కణాలను కదిలిస్తుంది. ఒకటి రెండు రోజుల తర్వాత దురద, ఎర్రటి పొక్కులు వస్తాయి. ఇది రెండో రకం. దీని బాధ ప్రధానంగా రాసుకున్నవారిదే, పక్క కుర్చీలో కూర్చున్నవారిది కాదు. అందుకే ఐరోపా సమాఖ్య ఇక్కడ లేబుల్ దారి పట్టింది. 26 సువాసన పదార్థాల పేర్లు సీసా మీద రాసి తీరాలని 2003లో నిర్ణయించింది. 2023లో ఆ జాబితాను 80 దాటించింది. హెచ్‌ఐసీసీ వంటి, మరీ ఎక్కువమందికి పడని పదార్థాలను మాత్రం మార్కెట్ నుంచే తీసేసింది.

మూడోది ఘాటు. వంటింట్లో ఎండుమిర్చి తాలింపు మాడితే హాల్లో ఉన్నవాళ్ళందరికీ ఒకేసారి దగ్గు, తుమ్ములు. వాళ్ళలో ఎవరికీ మిరపకాయ అలర్జీ లేదు. ముక్కు, కళ్ళు, గొంతులో వ్యాపించిన ట్రైజెమినల్ నరం కొనల మీద టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం ఉంటుంది. మిరపలోని క్యాప్సైసిన్ దాన్ని తడితే మెదడు దాన్ని మంటగా అర్థం చేసుకుంటుంది. ఈ గ్రాహకాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి దక్కింది. కొన్ని సువాసన రసాయనాలు, పొగలు కూడా ఇలాంటి గ్రాహకాలనే తడతాయి. మామూలు మనిషికి ఒక తుమ్ముతో పోయేది, శ్వాసనాళాలు ముందే వాచి ఉన్న ఉబ్బసం రోగికి పిల్లికూతలుగా మారవచ్చు. మైగ్రేన్ ఉన్నవారిలో చాలామందికి ఘాటైన వాసన పడదు.

ఇందులో మనసు పాత్ర కూడా ఉంది. 1886లో బాల్టిమోర్ వైద్యుడు జాన్ మెకెంజీ, గులాబీ అంటే పడని ఒక మహిళా రోగి ముందు కాగితంతోనో గుడ్డతోనో చేసిన కృత్రిమ గులాబీని ఉంచాడు. ఆమెకు వెంటనే ముక్కు కారింది, ఊపిరి ఆడలేదు. ఫిలడెల్ఫియాలోని మోనెల్ పరిశోధన కేంద్రం 2014లో 17 మంది ఉబ్బసం రోగులకు గులాబీ వాసన గల ఒకే రసాయనాన్ని పావుగంట చూపించింది. అది హానికరం కావచ్చని కొందరికి, మేలు చేస్తుందని మిగిలినవారికి చెప్పారు. హాని అని విన్నవారిలో శ్వాసనాళాల వాపు పెరిగింది, మర్నాటికీ తగ్గలేదు. దీన్ని చూపించి ‘అంతా భ్రమ’ అని కొట్టిపారేసేవారున్నారు. అది సరికాదు. ఆ వాపును పరికరం కొలిచింది. కానీ అమెరికాలో 34.7 శాతం మంది సువాసన వస్తువులతో ఇబ్బంది పడుతున్నామని సర్వేలో చెప్పారు కాబట్టి అంతమందికీ రసాయనమే కారణమని తేల్చడమూ సరికాదు. సర్వే బాధను లెక్కిస్తుంది, కారణాన్ని కాదు.

నిషేధం నిజంగా ఫలించిన చోటు ఆసుపత్రి. రబ్బరు తొడుగులు చేతికి సులువుగా ఎక్కడానికి లోపల మొక్కజొన్న పిండి చల్లేవారు. రబ్బరు ప్రోటీన్ ఆ పిండికి అంటుకుని గాల్లో తేలేది. నర్సులు, వైద్యులు ఉబ్బసం బారిన పడేవారు. జర్మనీ 1998 ప్రాంతంలో పొడి చల్లిన రబ్బరు తొడుగులను మాన్పించాక అక్కడి వైద్య సిబ్బందిలో కొత్త కేసులు బాగా పడిపోయాయి. అమెరికా 2017లో వైద్యంలో వాడే పొడి చల్లిన తొడుగులను నిషేధించింది. ఇది ఫలించడానికి కారణాలు రెండు: ప్రత్యామ్నాయం పక్కనే ఉంది, వాడకం ఒక సంస్థ చేతిలో ఉంది.

బార్సిలోనా కథ ఇంకా ఆసక్తికరం. 1981 నుంచి 1987 వరకు ఆ నగరంలో 26 సార్లు ఉబ్బసం ఉప్పెనలా వచ్చింది. ఉన్నట్టుండి ఒకేరోజు పదుల కొద్దీ మనుషులు ఊపిరాడక ఎమర్జెన్సీ విభాగాలకు పరిగెత్తేవారు. ఫ్యాక్టరీలను, వాహనాలను అనుమానించి లాభం లేకపోయింది. పరిశోధకులు రోగుల తేదీలను రేవుకు వచ్చిన ఓడల జాబితా పక్కన పెట్టి చూశారు. సోయా గింజలు దించిన రోజులతో అవి సరిపోయాయి. రేవులోని ఒక గోదాము పైన ధూళిని పట్టే వడపోత సంచులు లేవు. గాలి మందంగా ఉన్న రోజుల్లో సోయా పొట్టు దుమ్ము ఊరి మీద పరుచుకునేది. నగరం సోయాను నిషేధించలేదు. గోదాముకు వడపోత అమర్చారు, ఉప్పెనలు ఆగిపోయాయి.

పల్లీల నిషేధానికి ఇంత బలమైన ఆధారం లేదు. 2003లో అమెరికాలో తీవ్రమైన పల్లీ అలర్జీ ఉన్న 30 మంది పిల్లలకు దగ్గరగా పది నిమిషాలు పల్లీ వెన్న వాసన చూపిస్తే ఒక్కరికీ ఊపిరి ఇబ్బంది రాలేదు. వాసన మోసుకొచ్చేది పైరజీన్లు అనే చిన్న అణువులను, అలర్జీ తెచ్చే ప్రోటీన్‌ను కాదు. ప్రమాదం తినడంలో ఉంది. మసాచుసెట్స్ బడుల మీద 2017లో వచ్చిన అధ్యయనంలో, పల్లీ నిషేధించిన బడుల్లోనూ నిషేధించని బడుల్లోనూ తీవ్ర అలర్జీకి ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్ల వాడకం ఒకేలా ఉంది. పల్లీ లేని ప్రత్యేక భోజనపు బల్లలు వేసిన బడుల్లో మాత్రం తగ్గింది. 2021 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు బడి మొత్తానికి నిషేధం వద్దనీ, సిబ్బందికి శిక్షణ ఇచ్చి, అడ్రినలిన్‌ను బడిలోనే సిద్ధంగా ఉంచాలనీ సూచించాయి.

చట్టపరమైన రక్షణ విషయానికొస్తే, మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో అలర్జీ, ఉబ్బసం లేవు. ప్యాకెట్ ఆహారం మీద పల్లీ, పాలు, గుడ్డు, చేప వంటి ఎనిమిది రకాల పదార్థాలను ప్రకటించాలని 2020 నిబంధనలు చెబుతున్నాయి. పెళ్ళి భోజనానికీ, ప్రసాదానికీ లేబుల్ ఉండదు. ఇక గాలి విషయానికొస్తే, ఇక్కడ సెంటుకన్నా పొగ పెద్ద సమస్య. ఒక్క దోమల చుట్ట కాలితే వెలువడే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్లతో సమానమని 2003లో ఒక పరిశోధన లెక్కగట్టింది. అగరొత్తి, సాంబ్రాణి కూడా కాలే వస్తువులే.

కాబట్టి తలుపులు మూసిన చోట, ముఖ్యంగా ఆసుపత్రి నడవాల్లో, ఏసీ బస్సుల్లో, తరగతి గదుల్లో, సంస్థలే పెట్టే ఫ్రెషనర్లనూ కాల్చే దోమల చుట్టలనూ తీసేయడం న్యాయం, సులువు కూడా. ఒంటి మీది సెంటు, జడలోని మల్లెల విషయంలో విన్నపం చాలు, జరిమానా అక్కర్లేదు. ఆహారం విషయంలో కావలసింది నిషేధం కాదు: వడ్డించే వంటలో ఏమున్నదో చెప్పగలిగే మనిషి, అందుబాటులో అడ్రినలిన్, దాన్ని తొడకు ఇవ్వడం తెలిసిన ఒక టీచరో నర్సో.