మందు పంచిన్రు సరే, మింగినోళ్లెందరు?

తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, ఇథియోపియాల అమ్హారా అనే ప్రాంతం ఉన్నది. అక్కడ ట్రకోమా అనే కండ్ల జబ్బు ఏండ్ల సంది పీడిస్తున్నది. చిన్న పోరగాండ్లకు సోకే అంటు ఇది. ఈగలు, చేతులు, మొఖం తుడుసుకునే బట్ట దీన్ని మోసుకపోతయి. మళ్లమళ్ల సోకితే రెప్ప లోపల మచ్చకట్టి, వెంట్రుకలు లోపటికి మలిగి గుడ్డును గీరుతయి. ఆఖరికి చూపు పోతది. పోరగాండ్లను సాకే ఆడోళ్లకే ఈ బాధ ఎక్కువ.

అందుకే రోగం ఉన్నోళ్లను ఏరకుండ ఊరంతటికీ అజిత్రోమైసిన్ ఇస్తరు. ఫైజర్ కంపెనీ ఉచితంగా ఇచ్చే మందు. గీతలు పెట్టిన కర్రతో ఎత్తు కొలిచి డోసు చెప్తరు, తూకం మిషిన్ మోసే పని లేదు. ఆరు నెలల లోపు పసిపిల్లలకైతే టెట్రాసైక్లిన్ ఆయింట్‌మెంట్ కండ్లకు పెడ్తరు.

నూటికి కనీసం 80 మందికి అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటది. అందిందని ఎట్ల తెలుస్తది? పంచినోళ్ల రిజిస్టర్ల ఉన్న సంఖ్యను జనాభాతోని భాగిస్తరు. తిప్పలంతా ఆ జనాభా కాడనే. ఇథియోపియాల ఆఖరి జనగణన 2007ల అయ్యింది, తర్వాతదంతా అంచనానే. కాగితం మీద 1,000 మంది, ఊర్ల నిజంగ 1,300 మంది ఉన్నరనుకోండ్రి. 900 మందికి ఇస్తే కాగితం 90 శాతం అంటది. నిజానికి 69 శాతమే. ఒక్కోచోట నూరు శాతం దాటిన లెక్కలు గూడ వస్తయి, నవ్వాల్నా ఏడ్వాల్నా?

అందుకే పంపిణీ అయినంక సర్వే చేస్తరు. చిట్టీలు తీసినట్టు కొన్ని ఊర్లు, ఆ ఊర్లల్ల కొన్ని ఇండ్లు ఎంచుకుంటరు. మాత్ర చూపెట్టి, ఇది మింగినవా అని ఇంట్ల ఒక్కొక్కరిని అడుగుతరు. ఇందుల గూడ లొసుగులున్నయి. ఆలస్యమైతే జనం మర్శిపోతరు. ఇంటిపెద్ద అందరి తరఫున జవాబు చెప్తడు. వచ్చినోళ్లు చిన్నబుచ్చుకుంటరని మింగినమనేటోళ్లూ ఉంటరు. అయినా రిజిస్టర్ కంటే ఇదే నయం. మింగనోళ్లు ఎందుకు మింగలేదో గూడ దీంతోనే తెలుస్తది: ఊర్ల లేరా, కబురే అందలేదా, భయపడ్డరా.

80 దాటిందని సంబరపడితే గూడ సాలదు. మిగిలిన 20 మంది ప్రతి ఏడు అదే గూడెం పిల్లలైతే, రోగం ఆడనే దాక్కొని మళ్ల ఊరంతా పాకుతది.

మన దేశం ట్రకోమాను ప్రజారోగ్య సమస్యగ లేకుండ చేసిందని 2024ల ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. కానీ బోదకాలు మాత్రలు మన ఊర్లకు వచ్చినయి గద. తిన్నంక వేసుకుంటమని తీసుకొని గూట్ల పెట్టినోళ్లు ఎందరు? రిజిస్టర్ల వాళ్లంతా మింగినట్టే లెక్క. ముందటనే మింగియ్యాలె అనే రూల్ అందుకే పెట్టిన్రు. ఈసారి మాత్రలొస్తే మీ వాడల ఇల్లిల్లు తిరిగి అడుగుండ్రి, వచ్చిన సంఖ్యను ఆశా అక్క రిజిస్టర్ పక్కన పెట్టి చూడుండ్రి.