తీసింది గర్భసంచి ఒక్కటేనా?

ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మధ్య వయసున్న మహిళల్లో 8.7 శాతం మందికి గర్భసంచి తీసేశారు. తెలంగాణలో 8.2 శాతం మందికి. దేశం మొత్తం సగటు 3.3 మాత్రమే. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చిన లెక్కలివి. మన రెండు రాష్ట్రాల్లో ఆ వయసు మహిళలు 12 మంది ఒకచోట కూర్చుంటే వాళ్లలో ఒకరికి ఆ ఆపరేషన్ అయిపోయినట్టే. అదీ ఏ 45కో, 48కో కాదు. చాలామందికి 35 ఏళ్లు నిండకుండానే.

ఈ ఆపరేషన్ల మీద మాట్లాడినవాళ్లు లేకపోలేదు. ఆరోగ్యశ్రీ తొలి రోజుల్లో ప్రైవేటు ఆసుపత్రులు ఎడాపెడా గర్భసంచులు తీసేస్తున్నాయన్న ఆరోపణలు వచ్చాయి. ఆ తర్వాత పథకంలో ఆంక్షలూ వచ్చాయి. హైదరాబాద్‌కు చెందిన వైద్యులు డాక్టర్ కామేశ్వరి, డాక్టర్ వింజమూరి సూర్యప్రకాశ్ మెదక్ జిల్లా పల్లెల్లో తిరిగి, చిన్న వయసులో అవసరం లేకుండా జరిగిన ఆపరేషన్లను వెలుగులోకి తెచ్చారు. ఖర్చు గురించి, అప్పుల గురించి, మోసం గురించి చర్చ జరిగింది. ఆపరేషన్ తర్వాత ఆ మహిళ ఒంట్లో హార్మోన్లు ఏమయ్యాయి, భర్తతో ఆమె జీవితం ఏమైంది అన్న ప్రశ్న మాత్రం గదుల్లోనే ఉండిపోయింది. డాక్టరు అడగరు. ఆమె చెప్పదు. ఈ మౌనం వల్ల, సులువుగా నయం చేయగల బాధను ఏళ్ల తరబడి మోస్తున్న మహిళలు మన చుట్టూ ఉన్నారు.

మన దగ్గరే ఇంత ఎక్కువగా ఎందుకు? మొదటి కారణం ఆసుపత్రిలో లేదు, పెళ్లి వయసులో ఉంది. 18, 19 ఏళ్లకు పెళ్లి, వెంటవెంటనే ఇద్దరు పిల్లలు, ఆపైన కుటుంబ నియంత్రణ ఆపరేషన్. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన మహిళల్లో దాదాపు 70 శాతం మంది ఆ ఆపరేషన్ చేయించుకున్నవారే. దేశంలో అది 38 శాతం. పిల్లలు చాలనుకున్నాక గర్భసంచి పని అయిపోయిందన్న ఆలోచన ఇంట్లో అందరికీ వచ్చేస్తుంది. నెలనెలా ఎక్కువగా రక్తస్రావం, తెల్లబట్ట, నడుం నొప్పి ఉన్నాయంటూ 30 ఏళ్లకే డాక్టరు దగ్గరికి వెళ్తే, ‘పిల్లలు పుట్టేశారుగా, తీసేస్తే పీడ పోతుంది’ అన్న మాట ఇటు ఇంట్లోనూ అటు ఆసుపత్రిలోనూ ఒకేసారి వినిపిస్తుంది. ‘ఇలాగే వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది’ అన్న మాట కూడా తోడైతే ఇక ఎవరూ ఎదురు చెప్పరు. తెల్లబట్ట చాలాసార్లు సహజం, కొన్నిసార్లు మందులతో తగ్గే ఇన్ఫెక్షన్. క్యాన్సర్ భయం ఉంటే పాప్ స్మియర్, హెచ్‌పీవీ పరీక్ష ఉన్నాయి. అధిక రక్తస్రావానికి ట్రానెక్సమిక్ యాసిడ్ మాత్రలున్నాయి, హార్మోన్ మాత్రలున్నాయి, గర్భసంచిలో అమర్చే హార్మోన్ లూప్ ఉంది. కత్తి పట్టాల్సింది వీటన్నిటి తర్వాత.

ఇక అసలు సంగతి. గర్భసంచి తీసేటప్పుడు చాలాసార్లు పక్కనున్న రెండు అండాశయాలనూ కలిపి తీసేస్తారు. ‘ఎలాగూ పొట్ట తెరిచాం, రేపు వాటిలో గడ్డలొస్తే మళ్లీ ఆపరేషన్ ఎందుకు’ అన్నది వాదన. గర్భసంచి పోతే నెలసరి ఆగుతుంది. అండాశయాలు పోతే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ తయారయ్యే ప్రధాన చోటే పోతుంది. మగవాళ్ల హార్మోన్ అని అందరూ అనుకునే టెస్టోస్టెరాన్ ఆడవాళ్ల ఒంట్లోనూ ఉంటుంది. అండాశయాలు తీసేస్తే అదీ దాదాపు సగానికి పడిపోతుంది.

సహజంగా మెనోపాజ్ వచ్చినప్పుడు హార్మోన్లు కొన్నేళ్లపాటు హెచ్చుతగ్గులవుతూ మెల్లగా తగ్గుతాయి. భారతీయ మహిళలకు సగటున 46, 47 ఏళ్లకు ముట్లుడుగుతాయి. 32 ఏళ్ల మనిషికి అండాశయాలు తీసేస్తే అదంతా కొద్ది రోజుల్లోనే జరిగిపోతుంది. రాత్రిపూట ఒళ్లంతా ఆవిర్లు, చెమటలు, నిద్రలేమి, గుండె దడ, ఊరికే ఏడుపు. కీళ్ల నొప్పులు, కాళ్లు చేతుల తిమ్మిర్లు. ఆపైన ఎముకలు గుల్లబారడం త్వరగా మొదలవుతుంది. అమెరికాలోని మేయో క్లినిక్‌లో వాల్టర్ రోకా బృందం ఏళ్ల తరబడి జరిపిన అధ్యయనంలో, 45 ఏళ్లలోపు రెండు అండాశయాలూ పోగొట్టుకుని హార్మోన్లు తీసుకోని మహిళల్లో గుండె జబ్బు ముప్పు పెరిగినట్టు తేలింది. మతిమరుపు ముప్పు ఎక్కువన్న సంగతీ అదే బృందం బయటపెట్టింది.

పడకగదిలో జరిగేది ఇంతకన్నా నిశ్శబ్దంగా జరుగుతుంది. యోని లోపలి పొర మందంగా, మెత్తగా, తడిగా ఉండాలంటే ఈస్ట్రోజెన్ కావాలి. అక్కడికి రక్తప్రసరణ సాగడానికీ అదే ఆధారం. ఆ పొర కణాల్లో నిల్వ ఉండే గ్లైకోజెన్ వల్ల లాక్టోబాసిల్లై అనే మంచి బ్యాక్టీరియా బతుకుతుంది. అది తయారుచేసే ఆమ్లం చెడ్డ సూక్ష్మక్రిములను దూరంగా ఉంచుతుంది. హార్మోన్ పోగానే పొర పలచబడుతుంది, సాగే గుణం పోతుంది, ఆమ్లత తగ్గుతుంది. కలయిక మంటగా, గీరుకుపోయినట్టుగా, కొన్నిసార్లు రక్తం కనిపించేలా ఉంటుంది. మూత్రంలో మంట, మాటిమాటికీ మూత్రనాళ ఇన్ఫెక్షన్లు కూడా ఇందులో భాగమే. వాటికి యాంటీబయాటిక్స్ మార్చి మార్చి వాడతారు తప్ప మూలం ఎక్కడుందో చూసేవారు తక్కువ.

నొప్పి వస్తుందని తెలిశాక ఏ మనిషికైనా దాని మీద ఇష్టం ఎలా మిగులుతుంది? ఆమె ఏదో సాకు చెప్పి పక్క మార్చుకుంటుంది. తన మీద మనసు విరిగిందని భర్త అనుకుంటాడు, ఇంకా అనుమానిస్తాడు. ‘గర్భసంచి లేని ఆడది ఆడదేనా’ అనే క్రూరమైన మాట మన ఊళ్లలో ఇంకా వినిపిస్తూనే ఉంది. ఆ మాటకు ఒక్క పిసరు ఆధారం లేదు. ఆమె ఆడతనం ఎక్కడికీ పోలేదు. పోయింది హార్మోన్, దాన్ని మందుగా తిరిగి ఇవ్వొచ్చు.

ఆపరేషన్ అంటేనే చెడ్డదని ఈ కథనం చెప్పడం లేదు. పెద్ద ఫైబ్రాయిడ్ గడ్డలతో, ఆగని రక్తస్రావంతో నీరసించిపోయిన మహిళకు అది ప్రాణం పోస్తుంది. 1999లో వెలువడిన ఒక అధ్యయనంలో, అమెరికాలోని మేరీల్యాండ్‌లో 1,101 మంది మహిళల్ని ఆపరేషన్‌కు ముందూ తర్వాతా పరిశీలించారు. కలయికలో తరచూ నొప్పి ఉందన్నవారు ముందు 18.6 శాతం ఉంటే, రెండేళ్ల తర్వాత 3.6 శాతానికి తగ్గారు. అసలైన జబ్బుకు సరైన ఆపరేషన్ చేస్తే దాంపత్యం మెరుగుపడుతుందన్నమాట. అండాశయాలు ఉంచారు కదా అని పూర్తిగా నిశ్చింతగా ఉండటానికీ లేదు. కనీసం ఒక అండాశయమైనా ఉంచి గర్భసంచి తీసిన మహిళల్ని డ్యూక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు నాలుగేళ్లు గమనిస్తే, దాదాపు 15 శాతం మందిలో అండాశయాలు పనిచేయడం ఆపేశాయి. ఆపరేషన్ లేని మహిళల్లో అది 8 శాతం. నెలసరి ఎలాగూ ఉండదు కాబట్టి మెనోపాజ్ వచ్చిన సంగతి ఆమెకే తెలియదు. అందుకే ఆవిర్లు, పొడిబారడం లాంటి సూచనల్ని కనిపెట్టుకుని ఉండాలి.

హార్మోన్ మాత్ర అనగానే మన దగ్గర చదువుకున్నవాళ్లు కూడా ‘అమ్మో, క్యాన్సర్’ అంటారు. ఆ భయానికి ఒక తేదీ ఉంది. 1942 నుంచే అమెరికా మార్కెట్లో ఉన్న ఈస్ట్రోజెన్ మాత్రల్ని లక్షల మంది వాడుతుండగా, 2002 జులైలో విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద ప్రయోగంలో ఒక భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి వాడిన మహిళల్లో ఏడాదికి ప్రతి 10,000 మందిలో 8 రొమ్ము క్యాన్సర్లు అదనంగా కనిపించాయి. వార్త ప్రపంచమంతా పాకింది. ఆ భాగంలో పాల్గొన్న 16,608 మంది సగటు వయసు 63 అన్న వివరం మాత్రం వార్త వెంట రాలేదు. మనకు ఇంకా ముఖ్యమైనది రెండో భాగం. గర్భసంచి లేని 10,739 మందిలో దాదాపు సగం మందికి అందులో ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చారు. పక్షవాతం ముప్పు కొంత పెరగడంతో 2004లో దాన్నీ ఆపారు గానీ, రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. తర్వాతి ఏళ్లలో లెక్క చూస్తే తగ్గింది కూడా. గర్భసంచి తీయించుకున్న తెలుగు మహిళకు నేరుగా వర్తించే సమాచారం ఇదే. అది మాత్రం ఆమె దాకా రాలేదు. 2025 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందుల మీద ఉన్న పెద్ద హెచ్చరికల్లో చాలావాటిని తొలగిస్తున్నట్టు ప్రకటించింది.

చిన్న వయసులో అండాశయాలు పోయినవారికి, వాడకూడని కారణం ఏదీ లేకపోతే, సహజంగా ముట్లుడిగే వయసు వరకైనా ఈస్ట్రోజెన్ ఇవ్వాలన్నది ఇప్పుడు నిపుణుల సంఘాల మాట. గర్భసంచి ఉన్నవారికైతే దాని పొరను కాపాడటానికి ప్రొజెస్టెరాన్ తోడుండాలి. లేనివారికి సాధారణంగా ఈస్ట్రోజెన్ ఒక్కటే చాలు. చర్మానికి రాసుకునే జెల్ రూపంలో తీసుకుంటే, మాత్రలతో వచ్చే రక్తం గడ్డకట్టే ముప్పు కనిపించదు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు, కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారు, కాలేయ జబ్బున్నవారు సొంతంగా వాడకూడదు.

కేవలం పొడిబారడం, మంట, మూత్ర ఇన్ఫెక్షన్లే బాధైతే ఇంకా చిన్న వైద్యం చాలు. యోనిలో రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీము తొలి రెండు వారాలు రోజూ, ఆపైన వారానికి రెండుసార్లు. రక్తంలోకి వెళ్లేది చాలా స్వల్పం. 1993లో రాజ్, స్టామ్ అనే వైద్యులు ముట్లుడిగిన 93 మంది మీద ఎస్ట్రియాల్ క్రీమును పరీక్షించారు. క్రీము వాడినవారికి ఏడాదికి సగటున 0.5 సార్లు మూత్ర ఇన్ఫెక్షన్ వస్తే, వాడనివారికి దాదాపు ఆరుసార్లు వచ్చింది. కలయిక సమయంలో లూబ్రికెంట్ సాయపడుతుంది. చాలామంది ఇంట్లో ఉన్న కొబ్బరినూనె వాడతారు. పర్వాలేదు గానీ, కండోమ్ వాడేవారు నూనె జోలికి వెళ్లకూడదు, రబ్బరు దెబ్బతింటుంది.

కోరిక సంగతి వేరు. నొప్పి తగ్గితే చాలామందిలో అది తనంతట తానే తిరిగొస్తుంది. రాకపోతే థైరాయిడ్, మధుమేహం, డిప్రెషన్ మందులు, ఇంటి పరిస్థితి అన్నీ చూడాలి. ముట్లుడిగిన మహిళల్లో కోరిక తగ్గిపోయి అది వారినే బాధిస్తుంటే, టెస్టోస్టెరాన్ కొద్ది మోతాదులో ఇవ్వొచ్చని 2019లో అంతర్జాతీయ వైద్య సంఘాలు కలిసి ప్రకటించాయి. అది నిపుణుల పర్యవేక్షణలోనే. మగవాళ్ల మోతాదు వాడితే గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు, గొంతు మారడం లాంటివి వస్తాయి.

అనవసర ఆపరేషన్ల మీద డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పు ఇచ్చింది. కేంద్రం 2022లో తెచ్చిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలు చేయాలని చెప్పింది. వాటి ప్రకారం జిల్లాలోనూ రాష్ట్రంలోనూ పర్యవేక్షణ కమిటీలు ఉండాలి. ఆ కమిటీలు ఎన్ని గర్భసంచులు తీశారో లెక్కపెడితే సరిపోదు. ఎందరికి అండాశయాలు కూడా తీశారో, వారిలో ఎందరికి హార్మోన్ వైద్యం గురించి చెప్పారో కూడా అడగాలి. దేశంలోకెల్లా ఎక్కువ శాతం మహిళలకు గర్భసంచి తీసేసిన రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఈ పని ముందుగా మొదలుపెట్టాలి.

ఆపరేషన్ చెప్పారంటే సంతకం పెట్టేముందు మరో గైనకాలజిస్టును కలవండి. అండాశయాలు ఉంచుతారా, తీస్తారా, తీస్తే ఎందుకు అని నోరు తెరిచి అడగండి. ఇప్పటికే అయిపోయి ఉంటే బీరువాలో ఉన్న డిశ్చార్జి కాగితం తీసి చూడండి. అందులో ‘బీఎస్ఓ’ అనో, ‘బైలాటరల్ సాల్పింగో ఊఫరెక్టమీ’ అనో రాసి ఉంటే రెండు అండాశయాలూ తీసేశారని అర్థం. ఆ కాగితం పట్టుకుని, మీ వయసు 50 లోపైతే ఆలస్యం చేయకుండా, డాక్టరు దగ్గరికి వెళ్లండి. కలయికలో నొప్పి ఉందన్న మాట మొహమాటపడకుండా చెప్పండి. కుదిరితే భర్తనూ వెంట తీసుకెళ్లండి.